ఆరిన సూర్యుడి చుట్టూ ఇనుపగుండు

విశాఖపట్నంలో ఇనుము మొదట ఎర్రగా కనబడుతుంది. బైలదిల్లా కొండల్లో తవ్విన ఖనిజం కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం మీద, అనంతగిరి సొరంగాల్లో దూరి, బొర్రా గుహల పక్కగా దిగి ఓడరేవుకూ ఉక్కు కర్మాగారానికీ చేరుతుంది. ఆ వ్యాగన్లు ఆగే చోటల్లా పట్టాల మీద, కంకర మీద, దగ్గర్లోని చెట్ల ఆకుల మీద అదే ఎరుపు. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలదీ ఆ రంగే. ఇసుక రేణువులకు వేల ఏళ్లుగా పట్టిన ఇనుప తుప్పు అది. గాజువాక దాటి కూర్మన్నపాలెం వైపు వెళితే ఆ ఎరుపు మండుతూ తెలుపుకు తిరుగుతుంది. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న మూడు బ్లాస్ట్ ఫర్నేసుల అడుగు నుంచి, 1,500 డిగ్రీల దగ్గర్లో, ఇనుము నీళ్లలా పారుతుంది. 1966లో ఈ కొలుముల కోసమే జనం వీధుల్లోకి వచ్చారు, ప్రాణాలు కూడా ఇచ్చారు.

ఇంత ఇనుములో భూమి మీద పుట్టినది ఒక్క రవ్వ కూడా లేదు. బైలదిల్లా రాళ్లకు రెండు వందల కోట్ల ఏళ్లు పైబడ్డాయి. భూమికి 460 కోట్ల ఏళ్లు. ఈ ఇనుము ఆ రెండింటికంటే పాతది. సూర్యుడు పుట్టకముందే ఆరిపోయిన నక్షత్రాలలో తయారై, వాటి చావుతో బయటపడి, ఆకాశంలో చల్లటి మేఘాలలో కలిసి, అక్కడి నుంచి సూర్యుడికి ఇంత, భూమికి ఇంత అని వాటాలుగా చేరింది.

చుక్కల చావు గురించి రాసేవాళ్లు సాధారణంగా ఇక్కడికి వచ్చి, మనమంతా నక్షత్ర ధూళి అని చెప్పి కలం మూసేస్తారు. నాకు అక్కడ ఆగబుద్ధి కాదు. ఆ నక్షత్రాల చుట్టూ కూడా గ్రహాలు తిరుగుతూ ఉండేవి కదా, వాటి సంగతేమిటి? కరిగిపోయాయా, పారిపోయాయా, లేక ఆరిన పొయ్యి చుట్టూ ఇంకా తిరుగుతూనే ఉన్నాయా? కొన్ని దశాబ్దాల క్రితం దాకా ఈ ప్రశ్నకు లెక్కలే జవాబు. ఇప్పుడు చూసి చెప్పగలుగుతున్నారు.

చూసి చెప్పే ఆ విద్యకు మన ఊళ్లో పాత చుట్టరికం ఒకటి ఉంది.

నేటి డాబాగార్డెన్స్ ప్రాంతంలో 1840లో గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు సొంత ఖర్చుతో ఒక ఖగోళశాల కట్టించుకున్నారు. మద్రాసు అబ్జర్వేటరీలో టేలర్ దగ్గర నక్షత్రశాస్త్రం నేర్చుకుని వచ్చిన మనిషి ఆయన. జమీందార్లు గుర్రాలకీ భోగాలకీ డబ్బు తగలేసే కాలంలో ఈయన టెలిస్కోపులు తెప్పించుకున్నాడు. 1856లో ఆయన పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం వదులుకుని ఆ బాధ్యత ఎత్తుకున్నారు. రేవుకు వచ్చే ఓడలకు కచ్చితమైన వేళ చెప్పడం, వాన, గాలి కొలవడం, రాత్రుళ్లు ఆకాశం చూడడం ఆ ఖగోళశాల పనులు. 1871లో లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయన్ను ఫెలోగా తీసుకుంది. మామా అల్లుళ్లిద్దరి గురించీ మనం చెప్పుకోవలసినంత చెప్పుకోలేదని నా గట్టి అభిప్రాయం.

నరసింగరావు చూసినవాటిలో రెండు నల్ల చుక్కలు ఈ కథకు కావాలి. 1868 నవంబరు 5న బుధుడు సూర్యబింబానికి అడ్డంగా నడిచాడు. సూర్యుడి వెడల్పులో దాదాపు 190వ వంతు ఉండే సూదిమొన లాంటి చుక్క. 1874 డిసెంబరు 9 ఉదయం శుక్రుడు నడిచాడు. మన వేగుచుక్కే, కాకపోతే ఆ పూట వెలుగు లేకుండా నల్లటి గుండ్రటి మచ్చలా. ఆ రెండో నడక కోసం ప్రపంచమంతా దండు కట్టి బయల్దేరింది. ఎందుకంటే శుక్రుడు సూర్యుడి అంచును తాకిన క్షణాన్ని వేర్వేరు దేశాల నుంచి కొలిస్తే సూర్యుడెంత దూరంలో ఉన్నాడో లెక్క తేలుతుంది. విశాఖలో ఆ లెక్కకు అక్కరకొచ్చే కొలతలు తీసినవాడు నరసింగరావు.

ఆయన చూసిన ఆ రెండు గ్రహాలనే సూర్యుడు ముసలితనంలో మింగబోతున్నాడు. ఇందులో సందేహమేమీ లేదు. సందేహమల్లా మూడో గ్రహం గురించి. ఆయన నిలబడి చూసినది ఆ మూడో దాని మీద నుంచి.

సూర్యుడికి ముసలితనం ఎక్కడి నుంచి వస్తుందో తెలియజెప్పే గుర్తు కూడా తెలుగు నేల మీదే మొదట కనబడింది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. గుంటూరులో ఒక ఫ్రెంచి వర్తకుడి ఇంటి మీద జాన్సెన్ అనే శాస్త్రజ్ఞుడు పరికరాలు సర్దుకుని కూర్చున్నాడు. మచిలీపట్నంలో మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి పాగ్సన్ ఇంకొక బృందంతో ఉన్నాడు. చంద్రుడు సూర్యుణ్ణి పూర్తిగా కప్పిన ఆ కొద్ది నిమిషాల్లో, అంచు నుంచి లేచే మంటల వెలుగును పట్టకంతో విడదీసి చూస్తే పసుపు రంగులో ఒక గీత మెరిసింది. సోడియం గీతకు దగ్గరగా ఉంది కానీ సోడియం కాదు. ఇంగ్లండులో లాకియర్ అనే శాస్త్రజ్ఞుడు అదే గీతను చూసి ఇదేదో భూమి మీద తెలియని మూలకమన్నాడు. సూర్యుడి పేరు మీద హీలియం అయింది. భూమి మీద దాన్ని రామ్‌సే పట్టుకున్నది 1895లో.

హీలియమంటే సూర్యుడి పొయ్యిలో మిగిలే బూడిద. సెకనుకు దాదాపు 60 కోట్ల టన్నుల హైడ్రోజన్ అక్కడ హీలియంగా మారుతుంది. అందులో నలభై లక్షల టన్నుల పదార్థం వెలుగైపోతుంది. బూడిద నడిమధ్యలోనే పేరుకుంటూ పోతుంది. అది పేరుకునే కొద్దీ నడిమి భాగం కుంచించుకుని వేడెక్కుతుంది, ఆ వేడికి చుట్టూ ఉన్న హైడ్రోజన్ మరింత జోరుగా మండుతుంది. అందుకే మంట చల్లారే ముందు పెరుగుతుంది. వంద కోట్ల ఏళ్లకు సుమారు పది శాతం చొప్పున సూర్యుడి వెలుగు ఎక్కువవుతోంది. మనకు తెలియనంత మెల్లగా, కానీ ఆగకుండా.

అంటే భూమికి ఆపద సూర్యుడు చచ్చేటప్పుడు వచ్చేది కాదు. అంతకు చాలా ముందే వస్తుంది. ఇంకో వంద కోట్ల ఏళ్లు గడిచేసరికి ఆ అదనపు వేడికి సముద్రాలు ఆవిరి కావడం మొదలవుతుంది. ఆవిరి తనవంతుగా వేడిని పట్టి ఉంచుతుంది, దాంతో మరింత నీరు లేస్తుంది. పై గాలిపొరల్లోకి చేరిన నీటిని ఎండ చీల్చేస్తుంది, తేలికైన హైడ్రోజన్ అంతరిక్షంలోకి జారిపోతుంది. ఒకసారి పోయిన హైడ్రోజన్ వానగా తిరిగిరాదు. బంగాళాఖాతం లోతు తగ్గి, యారాడ కొండ ఓడలు చూడని కొండగా మిగిలి, ఆర్కే బీచి ముందు వేల అడుగుల ఉప్పు లోయ తెరుచుకునే ఆ కాలానికి సూర్యుడు ఇంకా నడివయసులోనే ఉంటాడు. శుక్రుడికి ఇలాంటిదే ఏదో ఎప్పుడో జరిగి ఉంటుందని చాలామంది అనుకుంటున్నారు.

అసలు చావు మొదలయ్యేది సుమారు 500 కోట్ల ఏళ్లకు. నడిమధ్య హైడ్రోజన్ అయిపోతుంది. హీలియం గుండె ముడుచుకుంటుంది, పై పొరలు ఉబ్బుతాయి. ఉబ్బిన ఉపరితలం చల్లబడి ఎర్రబడుతుంది. దీన్ని అరుణ మహాతార అంటున్నారు. వేసవి సంధ్యల్లో నెత్తి మీద నారింజ రంగులో మెరిసే స్వాతి నక్షత్రం ఆ దశలో ఉన్నదే. 2008లో ష్రోడర్, స్మిత్ అనే ఇద్దరు వేసిన లెక్క ప్రకారం సుమారు 760 కోట్ల ఏళ్ల తర్వాత సూర్యుడు ఇప్పటికంటే 256 రెట్లు వెడల్పవుతాడు, రెండు వేల ఏడు వందల రెట్లు వెలుగుతాడు. అప్పటి సూర్యుడి అంచు ఇప్పటి భూమి కక్ష్యను దాటి బయట ఉంటుంది.

బుధుడు ముందు, శుక్రుడు తర్వాత. భూమి దగ్గరికి వచ్చేసరికి లెక్క చిక్కుపడుతుంది. ఉబ్బిన సూర్యుడు తన పదార్థాన్ని గాలిగా వదిలేస్తూ ఉంటాడు, ఈ దశలోనే మూడో వంతు దాకా. బరువు తగ్గితే పట్టు తగ్గుతుంది, పట్టు తగ్గితే భూమి దూరంగా జరుగుతుంది. అదొక్కటే అయితే భూమి తప్పించుకునేది. కానీ భూమి ఆకర్షణకు సూర్యుడి ఒంటి మీద పోటు లేస్తుంది, మన సముద్రానికి చంద్రుడి వల్ల లేచినట్టే. ఆ పోటు భూమిని వెనక్కి లాగుతుంది. పల్చటి సూర్య వాయువు కూడా దారిలో అడ్డుపడుతుంది. ఈ లాగుడూ ఆ జరుగుడూ కలిపి చూస్తే ష్రోడర్, స్మిత్‌ల లెక్కలో భూమి ఓడిపోతుంది. మరికొందరి లెక్కల్లో వెంట్రుకవాసిలో బయటపడుతుంది. అంకెల్లో చిన్న మార్పుకు తీర్పు తారుమారవుతోంది కనుక పందెం కాయడం నాకు ఇష్టం లేదు. కానీ 2024లో ఒక కబురు వచ్చింది. దాదాపు నాలుగు వేల కాంతి సంవత్సరాల దూరంలో ఆరిపోయిన నక్షత్రం ఒకటి, దాని చుట్టూ భూమికి దాదాపు రెట్టింపు బరువున్న రాతి గ్రహం ఒకటి కనబడ్డాయి. సూర్యుడికి భూమి ఎంత దూరమో దానికి సుమారు రెట్టింపు దూరంలో అది తిరుగుతోంది. నక్షత్రం బతికున్నప్పుడు అది ఇప్పటి భూమి ఉన్నంత దూరంలోనే ఉండి ఉండవచ్చని కెక్ టెలిస్కోపుతో చూసినవాళ్లు అంటున్నారు. ఎవరో ఒకరు గట్టెక్కారన్నమాట.

మింగుడు పడిన గ్రహాన్నీ చూశారు. 2020లో, శ్రవణ నక్షత్రం ఉన్న గరుడ మండలంలో, పన్నెండు వేల కాంతి సంవత్సరాల అవతల ఒక చుక్క పది రోజుల్లో వంద రెట్లకు పైగా వెలిగి చల్లారింది. నక్షత్రాలు ఒకదాన్నొకటి ఢీకొన్నప్పుడు వచ్చే వెలుగు కంటే ఇది చాలా తక్కువ. కిశలయ్ దే, ఆయన సహచరులూ దాన్ని తవ్వి తవ్వి 2023లో తేల్చినదేమిటంటే, గురుడంతటి గ్రహమొకటి తన సూర్యుడిలో పడిపోయిందని. నక్షత్రమే ఉబ్బి గ్రహాన్ని అందుకుందని మొదట అనుకున్నారు. తర్వాత జేమ్స్ వెబ్ టెలిస్కోపు చూపు సారిస్తే అక్కడి నక్షత్రం అంతగా ఉబ్బినట్టు కనబడలేదు. గ్రహమే తిరుగుతూ తిరుగుతూ దగ్గరకు జారి, చివరకు తనంత తానే పడిందని 2025లో మాట మార్చారు. మింగినవాడిదా తప్పు, పడినవాడిదా అన్నంత పంచాయితీ.

ఉబ్బిన నక్షత్రం పై పొరలన్నీ విదిల్చుకున్నాక మిగిలేది దాని గుండె. భూమి అంత పరిమాణం, సూర్యుడిలో సగానికి పైగా బరువు. అక్కడ చెంచాడు పదార్థం టన్నుల కొద్దీ బరువు తూగుతుంది. మండడానికి ఏమీ మిగలక, ఉన్న వేడిని కోట్ల ఏళ్లు కొద్దికొద్దిగా వదులుతూ ఉండే దీన్ని శ్వేతకుబ్జం అంటారు. మండకపోతే ఇంత బరువు తన మీద తానే కూలిపోవాలి కదా, ఎందుకు కూలడం లేదు? ఎలక్ట్రాన్లు ఒక హద్దుకు మించి ఒకదానిలో ఒకటి ఇరుక్కోవడానికి ఒప్పుకోవు, ఆ మొండితనమే దాన్ని నిలబెడుతుంది. ఆ మొండితనానికీ ఒక హద్దుందని, ఇప్పటి అంకెల్లో సూర్యుడికి 1.4 రెట్లు బరువు దాటితే అది లొంగిపోతుందని 1930లో లెక్క కట్టినవాడు పంతొమ్మిదేళ్ల కుర్రవాడు. బొంబాయిలో పిల్స్‌నా అనే ఓడ ఎక్కి ఇంగ్లండుకు చదువుకు వెళుతూ కట్టాడు. సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్.

ఆయన లాహోరులో పుట్టిన తమిళుడు. అయినా ఇంటి వేర్లు కొంతకాలం విశాఖలో దిగాయి. 1892లో నరసింగరావు కన్నుమూశారు. ఆయన భార్య పేరు నిలబెట్టుకున్న మిసెస్ ఏ.వి.ఎన్. కాలేజీలో పాఠాలు చెప్పడానికి ఆ ఏడాదే ఆర్. చంద్రశేఖర అయ్యర్ కుటుంబంతో విశాఖ వచ్చారు. ఆయన కొడుకుల్లో ఒకడు సి.వి. రామన్, ఈ సముద్రం ఒడ్డునే పెరిగి ఆ కాలేజీలోనే చదివాడు. రామన్ అన్న సుబ్రహ్మణ్య అయ్యర్ కొడుకే మన ఓడ మీది కుర్రవాడు, తాత పేరు పెట్టుకున్నవాడు. సూర్యుడు మింగబోయే గ్రహాలను కొలిచినవాడి ఇంటి పేరు మీది కాలేజీ, సూర్యుడు చచ్చాక ఏమవుతాడో చెప్పినవాడి తాత కొలువు ఒకటే. ఇందులో కార్యకారణం వెతకను; ఊరికే ముచ్చట పడతాను. ఎడింగ్టన్ అంతటి ఖగోళ శాస్త్రజ్ఞుడు 1935లో నిండు సభలో చంద్రశేఖర్ లెక్కను కొట్టిపారేశాడు. 1983లో చంద్రశేఖర్‌కు నోబెల్ వచ్చింది.

ఇప్పుడు అసలు వింతకు వద్దాం. శ్వేతకుబ్జం మీద గురుత్వం భూమి మీదకంటే లక్ష రెట్లు. అంతటి పట్టులో బరువైనవన్నీ లోపలికి దిగిపోతాయి, పైకి హైడ్రోజనో హీలియమో మాత్రమే కనబడాలి. ఇనుము, కాల్షియం, మెగ్నీషియం లాంటివి పైన పడినా కొన్ని రోజుల నుంచి కొన్ని పదుల లక్షల ఏళ్ల లోపు మునిగిపోతాయి. నక్షత్రాల లెక్కలో అది రెప్పపాటు. కానీ మనకు కనబడే శ్వేతకుబ్జాల్లో పావు వంతు నుంచి సగం దాకా వాటి వెలుగులో ఈ బరువైన మూలకాల గీతలు స్పష్టంగా ఉన్నాయి. అంటే ఇప్పుడిప్పుడే ఏదో పైన పడుతోంది. పడుతూనే ఉంది.

ఆ మొదటి గీత 1917 నాటిది. మీన రాశిలో, కేవలం పద్నాలుగు కాంతి సంవత్సరాల దూరంలో వాన్ మానెన్ పేరు మీద ఒక మసక చుక్క ఉంది. మౌంట్ విల్సన్ అబ్జర్వేటరీలో గాజుపలక మీద తీసిన దాని వర్ణపటంలో కాల్షియం గీతలు దట్టంగా పడ్డాయి. బొర్రా గుహల సున్నపురాయిలో ఉన్న కాల్షియమే. అప్పటికి శ్వేతకుబ్జం అంటే ఏమిటో కూడా సరిగ్గా తెలియదు. ఆ గాజుపలక మన సౌరకుటుంబం అవతల గ్రహాలున్నాయనడానికి దొరికిన మొట్టమొదటి సాక్ష్యం. అది సాక్ష్యమని గ్రహించడానికి దాదాపు వందేళ్లు పట్టింది.

సంగతేమిటంటే, నక్షత్రం సగం బరువు కోల్పోయేసరికి బయటి గ్రహాలన్నీ దూరం జరుగుతాయి. మన దగ్గర గురుడు, శని కక్ష్యలు దాదాపు రెట్టింపవుతాయి. పాత సర్దుబాట్లు చెదిరిపోతాయి. ఇన్ని కోట్ల ఏళ్లు బుద్ధిగా తిరిగిన గ్రహశకలాలు కొన్ని దారి తప్పి లోపలికి విసిరివేయబడతాయి. చిన్నదే కదా ఆ శవం అని దగ్గరకు పోతే, దగ్గరి వైపు లాగుడూ దూరపు వైపు లాగుడూ పొసగక శకలం చీలిపోతుంది. ముక్కలు పొడై, పొడి పళ్లెంలా చుట్టూ పరచుకుని, కొంచెం కొంచెంగా నక్షత్రం మీద రాలుతుంది. 2015లో ఆండ్రూ వాండర్‌బర్గ్ బృందం ఇది జరుగుతుండగానే పట్టుకుంది. కన్యారాశిలో ఒక శ్వేతకుబ్జం వెలుగు నాలుగున్నర గంటలకోసారి తగ్గుతోంది, ఒక్కోసారి నలభై శాతం. నరసింగరావు విద్యే: తన సూర్యుడికి అడ్డం వచ్చిన వస్తువు. కాకపోతే ఇక్కడ అడ్డం వచ్చినది గుండ్రటి మచ్చ కాదు, తోకలు వేలాడేసుకుని విడిపోతున్న శిథిలం.

గ్రహం బతికుండగా దాని పొట్టలో ఏముందో మనకు తెలియదు. దూరపు గ్రహాల బరువూ వెడల్పూ తెలుస్తాయి, గాలి కొంత తెలుస్తుంది, లోపల అంతా ఊహే. చీలి నక్షత్రం మీద రాలితే మాత్రం ఆ నక్షత్రమే జాబితా చదువుతుంది: ఇంత ఇనుము, ఇంత సిలికాన్, ఇంత ఆక్సిజన్. ఇంకో లోకపు రాయిని విరగ్గొట్టి చూడడానికి ఇంతకు మించిన దారి ఇప్పటిదాకా దొరకలేదు. ఆ జాబితాలు చాలావరకు మన భూమి వంటకాన్ని పోలి ఉన్నాయి. కొన్నిటిలో ఇనుము ఎక్కువ, కొన్నిటిలో రాయి ఎక్కువ. ఎందుకలా అన్నది ఉక్కు కర్మాగారంలో పని చేసినవాళ్లకు చెప్పనక్కరలేదు. బ్లాస్ట్ ఫర్నేసులో కరిగిన ఇనుము అడుగుకు దిగుతుంది, రాతి మలినం స్లాగుగా పైకి తేలుతుంది, రెంటినీ వేరు చేసి తీస్తారు. పుట్టినప్పుడు కరిగిన గ్రహంలోనూ అదే జరుగుతుంది. ఇనుము నడుమకు దిగి గుండె అవుతుంది, స్లాగు మనం కాలు మోపే నేల అవుతుంది. రాలిన ముక్క గ్రహంలో ఏ పొరదో దాన్ని బట్టి జాబితా మారుతుంది.

2019లో ఆ గుండె ఒకటి కనబడింది. అదీ కన్యారాశిలోనే, నాలుగు వందల కాంతి సంవత్సరాల దరిదాపుల్లో. క్రిస్టఫర్ మాన్సర్ బృందం కానరీ దీవుల్లోని పెద్ద టెలిస్కోపుతో ఒక శ్వేతకుబ్జం చుట్టూ ఉన్న దుమ్ము పళ్లేన్ని చూస్తుంటే, అందులోని వాయువు వెలుగు 123 నిమిషాలకోసారి ఊగుతోంది. దుమ్ములో ఏదో గట్టిది తిరుగుతోంది. రెండు గంటల మూడు నిమిషాలకు ఒక చుట్టు. విశాఖ నుంచి రాజమండ్రి రైలు చేరేలోపు దానికి ఏడాది దాటిపోతుంది. ఆ నక్షత్రం వయసులో ఉన్నప్పుడు ఈ చోటు దాని ఒంటి లోపలిది. అంటే ఇది ఆ తర్వాత లోపలికొచ్చి పడిన వస్తువు. అంత దగ్గర ఏ రాతి గ్రహమైనా పొడి కావాలి. ఇది కాలేదు కనుక ఇనుము, నికెల్ లాంటి గట్టి లోహపు ముద్ద అయి ఉండాలన్నారు. పైన ఉన్న రాతి పొరలన్నీ ఒలిచిపోయి, నాలుగు కిలోమీటర్ల నుంచి ఆరు వందల కిలోమీటర్ల మధ్య ఎంతైనా ఉండగల ఇనుపగుండు. నేల పోయింది, గాలి పోయింది, సూర్యుడు పోయాడు. గుండె తిరుగుతోంది.

బయటి గ్రహాల గతి ఇంత ఘోరం కాదు. కాళీయుడనే డ్రాకో మండలంలో, ఎనభై కాంతి సంవత్సరాల దూరంలో, 2020లో దొరికిన గ్రహం తన శ్వేతకుబ్జం కంటే ఏడు రెట్లు వెడల్పు. బిడ్డ తల్లికి అడ్డం వస్తే తల్లి వెలుగు సగానికి పైగా కనబడకుండా పోతుంది. 34 గంటలకు ఒక చుట్టు తిరుగుతూ, మైనస్ 87 డిగ్రీల చలిలో, చెక్కుచెదరకుండా ఉంది. నక్షత్రం ఉబ్బినప్పుడు ఎక్కడో దూరంగా ఉండి, తర్వాత లోపలికి చేరి ఉంటుంది. మన శనికీ టైటన్ చందమామకూ అలాంటి అదృష్టమే రాసి ఉండవచ్చు. సూర్యుడు అరుణ మహాతారగా ఉన్న ఆ కాలంలో టైటన్ మీది మంచు కరిగి కొన్ని పదుల కోట్ల ఏళ్లు నీటి సముద్రం ఉండగలదని 1997లోనే ముగ్గురు శాస్త్రజ్ఞులు లెక్క చూపారు. మన సముద్రం ఎండే వేళకు కాదు గానీ, ఆ తర్వాతెప్పుడో ఇంకొక సముద్రం.

ఇదంతా సూర్యుడి లాంటి చిన్న నక్షత్రాల మెల్లని చావు. ఎనిమిది సూర్యుల బరువు దాటినవి ఇలా పోవు. అవి హీలియాన్ని కార్బన్‌గా, దాన్ని ఆక్సిజన్‌గా, చివరకు ఇనుము దాకా మండించుకుంటూ పోతాయి. ఇనుమును మండిస్తే శక్తి రాదు, పోతుంది. అక్కడ పొయ్యి ఆగి, గుండె సెకను కంటే తక్కువ కాలంలో కూలి, సూపర్‌నోవాగా పేలుతుంది. రెండో దారి కూడా ఉంది: పక్క చుక్క నుంచి పదార్థం లాక్కున్న శ్వేతకుబ్జం చంద్రశేఖర్ హద్దు దగ్గరకు వచ్చి పూర్తిగా పేలిపోవడం. అందులో కుప్పలుగా పుట్టేది నికెల్. అది ఆరు రోజుల్లో సగం చొప్పున కోబాల్ట్ అవుతుంది, కోబాల్ట్ 77 రోజుల్లో సగం చొప్పున ఇనుము అవుతుంది. గోదావరి కొలిమిలో పారే ఇనుములో పెద్ద వాటా ఇలా పేలిన శ్వేతకుబ్జాలది. తమ మీద రాలిన గ్రహాల ఇనుమును మింగినవే ఎక్కడో ఇలా తిరిగి కక్కి ఉంటాయి.

ఇలాంటి పేలుడు పక్కనున్న గ్రహాలు బతుకుతాయా అంటే, బతకవనే అనుకునేవారు. సౌరకుటుంబం బయట మొదట రుజువైన గ్రహాలు మాత్రం, 1992లో వోల్శ్‌చాన్, ఫ్రెయిల్ కనిపెట్టినవి, సూపర్‌నోవాలో చచ్చిన నక్షత్రం చుట్టూనే దొరికాయి. సెకనుకు 161 సార్లు గిర్రున తిరిగే పల్సర్ అది. దాని గడియారం లాంటి టిక్కుల్లో వచ్చిన చిన్న తేడాలు మొదట రెండు గ్రహాలను, తర్వాత చంద్రుడికి దాదాపు రెట్టింపు బరువున్న మూడోదాన్నీ పట్టి ఇచ్చాయి. పాత గ్రహాలు మిగిలి ఉండడం కష్టం. చావు తర్వాత చుట్టూ మిగిలిన చెత్త నుంచి మళ్లీ కూడినవని ఎక్కువమంది నమ్ముతున్నారు. చిత్రంగా ఇది కూడా కన్యారాశే. ఏప్రిల్, మే నెలల్లో రాత్రి పూట చిత్త నక్షత్రం దక్షిణాన నిక్కి చూస్తున్నప్పుడు, దానికి ఎగువన, ఓడరేవు దీపాల వెలుగులో మామూలు కంటికి ఏమీ కనబడని చోట, ఈ ముగ్గురు చనిపోయినవాళ్లూ వాళ్ల గ్రహాలూ ఉన్నారు.

దూరాన చచ్చిన చుక్క మన గ్రహం మీద కూడా చెయ్యి వేసి వెళ్లింది. ఇనుములో ఒక రకం, ఇనుము-60, ఇరవై ఆరు లక్షల ఏళ్లకు సగం చొప్పున కరిగిపోతుంది. భూమి పుట్టినప్పటిది ఎప్పుడో మాయమై ఉండాలి. 2016లో వాల్నర్ బృందం పసిఫిక్, అట్లాంటిక్, హిందూ మహాసముద్రాల అడుగు మట్టిలో దాన్ని అణువుల లెక్కన పట్టుకుంది. పదిహేను నుంచి ముప్పై రెండు లక్షల ఏళ్ల కిందటి పొరల్లో ఉంది. సుమారు మూడు వందల కాంతి సంవత్సరాల దూరంలో పేలిన చుక్కల దుమ్ము మీద పడిందని అర్థం. అంత దూరం కనుక ప్రాణాలేమీ పోలేదు. అంటార్కిటికాలో ఈమధ్య పడిన మంచులోనూ ఆ ఇనుము దొరికింది, 2019లో. ఇంకా పడుతూనే ఉందన్నమాట, అతి కొద్దిగా, విశాఖ మీదా యారాడ మీదా కూడా.

సూర్యుడు మింగబోయే గ్రహాల్లో ఇనుము పాలు అన్నిటికంటే ఎక్కువున్నది బుధుడిలో. 2,440 కిలోమీటర్ల వ్యాసార్ధంలో రెండు వేల కిలోమీటర్ల దాకా లోహపు గుండెకాయే, పైన రాయి పల్చటి తొడుగు మాత్రం. అది మళ్లీ సూర్యుడి మీదుగా నడిచేది 2032 నవంబరు 13, శనివారం. మన ఊళ్లో మధ్యాహ్నం పన్నెండు దాటిన కాసేపటికి మొదలై నాలుగున్నర దాటే వరకు సాగుతుంది, అంటే నరసింగరావుకు దొరికినట్టే పూర్తి నడక దొరుకుతుంది. గ్రహణాల కళ్లద్దాలు ఆ చుక్కకు చాలవు. సూర్యుడి ఫిల్టరు బిగించిన టెలిస్కోపు కావాలి. వానలు అప్పటికి వెనక్కి తగ్గుతాయి కానీ నవంబరు మన తీరంలో తుపాన్ల నెల, మబ్బు సంగతి చెప్పలేం.